పసుపు దీపం చెప్పే మాట

తెలుగు బోధించే ఉపన్యాసకునికి ఫైర్ అలారం తీగలతో ఏమి పని అని ఈ సంచిక తెరిచిన విద్యార్థి అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ యంత్రం గోడమీద నిలిచి రాత్రింబగళ్ళు మనతో మాట్లాడుతూనే ఉన్నది. దాని భాషలో ఉన్నవి మూడే మాటలు. ఆ మూడింటిలో ఒకదానిని మనం వినడం మానివేశాము. మాటకు అర్థం తేల్చడం నా వృత్తి గనుక, భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుల అనుమతితో ఈ వ్యాసానికి పూనుకొన్నాను.

ఆకుపచ్చ దీపం వెలిగితే అంతా సవ్యమని అర్థం. ఎర్ర దీపం వెలిగి హూటర్ మోగితే ఎక్కడో పొగ లేక వేడి పుట్టినదని అర్థం. ఈ రెండింటిని చదువురానివారు సైతం గ్రహిస్తారు. మూడవది పసుపు దీపం. దానితోపాటు పానెల్‌లోని చిన్న బజర్ కీచుమని కూస్తుంది. దీనికి 'ఫాల్ట్' అని పేరు. ఇది మంట కాదని తెలిసిన వెంటనే కాపలాదారు బజర్ ఆపే మీట నొక్కుతాడు. కూత ఆగుతుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది. మరునాటికి ఆ దీపం గోడమీది కేలెండరు వలె కంటికి అలవాటైపోతుంది. నేను చూచిన ఒక భవనంలో బజర్ తీగనే కత్తిరించి, తెగిన కొసకు టేపు చుట్టి పెట్టినారు. టేపు మాత్రం చాల శ్రద్ధగా చుట్టినారు.

పసుపు దీపం చెప్పే మాట 'చిన్న లోపం ఉన్నది' అని కాదు. 'ఫలానా భాగంలో మంట ఉన్నదో లేదో నాకు తెలియదు' అని. ఈ భేదం మాటల గారడి కాదు. మీమాంసకులలో భాట్ట సంప్రదాయం వారు 'అనుపలబ్ధి' అనే ప్రమాణాన్ని అంగీకరించారు. నేలమీద కుండ కనబడకపోతే అక్కడ కుండ లేదని తెలుసుకొంటాము. కాని దానికి ఒక షరతు ఉన్నది. కుండ ఉంటే తప్పక కనబడి ఉండేది అనదగిన వెలుతురు అక్కడ ఉండాలి. చీకటిలో కనబడని కుండ లేనట్లు కాదు. హూటర్ మోగలేదు గనుక మంట లేదని నిశ్చింతగా ఉండాలంటే, మంట ఉంటే తప్పక మోగేది అన్న హామీ ముందుగా కావాలి. ఆ హామీ పోయినదని చెప్పేదే పసుపు దీపం.

ఈ హామీని యంత్రం ఎట్లా సంపాదిస్తుందో చూడండి. దాని అందమంతా ఇక్కడనే ఉన్నది. మన పట్టణాలలోని చాల భవనాలలో ఉన్న సాధారణ పద్ధతిలో ఒక్కొక్క విభాగానికి పానెల్ నుండి రెండు తీగలు బయలుదేరుతాయి. ఆ జంట తీగ ఒక డిటెక్టర్ నుండి మరొక డిటెక్టర్‌కు, గది వెంట గదికి పోతుంది. చిట్టచివరి డిటెక్టర్ దగ్గర రెండు తీగల నడుమ ఒక చిన్న రెసిస్టర్‌ను బిగిస్తారు. దానిని 'ఎండ్ ఆఫ్ లైన్' రెసిస్టర్ అంటారు. పానెళ్ళ తయారీని బట్టి దాని విలువ మారుతుంది. 4700 ఓములది తరచు కనబడుతుంది. పానెల్ 24 వోల్టుల మీద నడుస్తున్నదనుకొంటే, ఈ రెసిస్టర్ గుండా సుమారు 5 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం ఎల్లప్పుడు పోయి తిరిగి వస్తూ ఉంటుంది. ఏ పనీ చేయని ప్రవాహం అది. తీగ చివరి దాకా తెగకుండా ఉన్నదని చెప్పడమే దాని పని. తరగతిలో మేము తీసుకొనే హాజరు వంటిది, అయితే క్షణక్షణమూ తీసుకొనేది. డిటెక్టర్ పొగను పసిగడితే ప్రవాహం ఎన్నో రెట్లు పెరుగుతుంది; అది ఎర్ర దీపం. తీగ తెగినా, స్క్రూ వదులైనా, ఎవరైనా డిటెక్టర్‌ను ఊడదీసినా ప్రవాహం ఆగుతుంది. అది పసుపు దీపం.

హాజరు అన్న తరువాత విద్యార్థులకు ప్రాక్సీ సంగతి చెప్పనక్కరలేదు. ఒక్కడు కూర్చుండి పదిమంది పేర్లకు పలికే విద్య ఈ తీగల లోకంలోనూ ఉన్నది. పసుపు దీపం ఆరడం లేదని కబురు పంపితే వచ్చిన మెకానిక్కు లోపం వెదకడానికి సమయం లేదు, లేక రాదు. అతడు ఆ విభాగం తీగలను పానెల్ నుండి విడదీసి, వాటి స్థానంలో అర్ధరూపాయి విలువ చేయని రెసిస్టర్‌ను పానెల్ లోపలనే బిగిస్తాడు. పసుపు దీపం ఆరుతుంది. ఆకుపచ్చ దీపం నవ్వుతుంది. బిల్లు చెల్లుతుంది. ఆ విభాగంలోని ఇరవై గదులకూ ఇక కాపలా లేదు. పసుపు దీపం 'తెలియదు' అని నిజం చెప్పేది. ఇప్పుడు ఆకుపచ్చ దీపం 'అంతా క్షేమం' అని అబద్ధం చెబుతున్నది. లోపాన్ని వెదకకుండా లోపసూచకాన్ని ఆర్పివేయడం కన్నా, బాగు చేయకుండా వదిలిపెట్టడమే నయమని నా దృఢమైన అభిప్రాయం. వదిలిపెట్టిన పసుపు దీపాన్ని రేపు ఒక బాధ్యతగల మనిషి చూడవచ్చును. ఆరిపోయిన దీపాన్ని ఎవరు చూస్తారు?

లోపాన్ని వెదకడం నిజంగా అంత కష్టమా? ఈ విషయంలో నాకు గురువు మా మేనమామగారు. దమ్మాంలో ఇరవై ఏండ్లు ఈ పనే చేసి వచ్చినారు. చదివినది పదవ తరగతి. ఆయన పద్ధతి వింటుంటే మంచి వైయాకరణుడు ఒక సందేహాస్పదమైన రూపాన్ని సాధించే తీరు గుర్తుకు వస్తుంది; ఊహించడు, ఒక్కొక్క అవకాశాన్నీ తొలగిస్తూ పోతాడు. మొదట పానెల్ దగ్గర ఆ విభాగం తీగలను విప్పి, మల్టీమీటరుతో రెండు తీగల నడుమ నిరోధాన్ని కొలుస్తారు. తీగలు పానెల్‌కు తగిలి ఉండగా కొలిస్తే ఆ అంకె నమ్మదగినది కాదు. రెసిస్టర్ విలువకు దగ్గరగా వస్తే తీగ మంచిదే, తప్పు పానెల్‌లోనో దాని బిగింపులలోనో ఉన్నది. అనంతం చూపితే తీగ ఎక్కడో తెగినది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలు ఎక్కడో తాకుతున్నవి. 4700 రావలసిన చోట ఆరేడు వేలు వచ్చి, తీగను కదిలిస్తే అంకె మారుతూ ఉంటే, ఒక బిగింపు వదులైనది లేక తుప్పు పట్టినది. సరిగా సగం, అనగా 2350 వస్తే ఏమిటి? నేను చెప్పలేకపోయినాను. 'ఇంకొక రెసిస్టర్ ఉన్నది, ఎవరో కొత్త గదులు కట్టి మధ్యలోనుంచి కొమ్మ లాగి దాని చివర కూడా ఒకటి పెట్టినారు' అని ఆయన ఇంటిలో కూర్చుండి చెప్పినారు. ఆ భవనాన్ని ఆయన చూడనేలేదు.

తరువాతి మెట్టు సగానికి సగం కోయడం. ఒక విభాగంలో పదహారు డిటెక్టర్లు ఉండి తీగ తెగినదనుకోండి. అనుభవం లేనివాడు మొదటి దాని నుండి నిచ్చెన వేసుకొని బయలుదేరుతాడు. తెలిసినవాడు ఎనిమిదవ దాని దగ్గరకు పోయి, బేస్‌లో పానెల్ నుండి వోల్టేజి వస్తున్నదా అని చూస్తాడు. వస్తున్నదంటే తెగుడు దానికి అవతల ఉన్నది, లేదంటే ఇవతల. మిగిలిన ఎనిమిదింటిలో నాలుగవది, ఆ తరువాత రెండవది. నాలుగు పర్యాయాలు నిచ్చెన ఎక్కితే చోటు తేలిపోతుంది. రెండు తీగలు తాకుతున్నప్పుడు కూడా ఇదే యుక్తి. అయితే వోల్టేజి బదులు, మధ్య బేస్ దగ్గర తీగను విడదీసి రెండు వైపులా నిరోధం కొలవాలి. గణితంలో లాగరిథమ్ ఎందుకు చదువుతున్నామని అడిగే విద్యార్థులు ఈ నిచ్చెన లెక్కను గమనించవచ్చును.

అన్నిటికన్నా గడసరిది ఎర్త్ ఫాల్ట్. తీగలలో ఒకటి తొడుగు ఒరుసుకొనిపోయి ఇనుప పైపునో తడిగోడనో తాకుతుంది. పానెల్ తీగలకు మామూలుగా భూమితో సంబంధం ఉండరాదు. ఒక్కచోట తాకినంత మాత్రాన చాల సందర్భాలలో యంత్రం పని ఆగదు. అందువలన దీనిని ఎవరూ పట్టించుకోరు. కొంతకాలానికి రెండవ తీగ మరొక చోట భూమిని తాకితే, ఆ రెండు చోట్లూ కలిసి రెండు తీగలూ తాకినట్లే అవుతుంది. దీనిని పట్టడానికి విభాగాలను ఒక్కొక్కటిగా పానెల్ నుండి విడదీస్తూ పోవాలి. ఏది విడదీస్తే దీపం ఆరినదో అందులోనే దోషం. అక్కడి నుండి మళ్ళీ సగానికి సగం. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ యంత్రం 500 వోల్టులు పంపుతుంది గనుక, డిటెక్టర్లను ఊడదీసి, తీగలను పానెల్ నుండి విడదీసిన తరువాతనే దానిని వాడాలి. లేకపోతే ఒక లోపం వెదకబోయి పదహారు డిటెక్టర్లను పాడుచేసిన ఘనత దక్కుతుంది.

ఎర్త్ ఫాల్ట్ తరచు వానకాలపు అతిథి. స్లాబు కారినప్పుడు వస్తుంది, మెకానిక్ వచ్చే వేళకు ఎండ కాసి మాయమవుతుంది. 'వాన వెలిసిన తరువాత వెదికితే దొరకదు, వాన పడినప్పుడు వ్రాసిపెట్టిన పుస్తకంలో దొరుకుతుంది' అన్నారు మా మేనమామగారు. తేదీ, గంట, ఏ విభాగం, అప్పుడు వాన పడుతున్నదా, కరెంటు పోయి వచ్చినదా, పై అంతస్తులో ఎవరైనా డ్రిల్లు వేస్తున్నారా అన్న సంగతులు ఒక నోటు పుస్తకంలో ఉంటే సగం రోగనిర్ణయం అయినట్లే. మన భవనాలలో పానెల్ పక్కన నేను చూచిన పుస్తకాలు మెకానిక్ వచ్చిపోయినట్లు సంతకం పెట్టించుకొనేవి మాత్రమే. వాటిలో 'తనిఖీ చేయడమైనది' అన్న ఒక్క వాక్యం నెలనెలా మార్పు లేకుండా కనబడుతుంది. తనిఖీ, మరమ్మతు అన్న రెండు మాటలనూ తెలుగు ఉర్దూ నుండి తెచ్చుకొన్నది. మొదటి దానికి పరీక్షించి తేల్చడమని మూలార్థం. తేల్చినది ఏమిటో వ్రాయని తనిఖీకి ఆ పేరు తగదు.

ఇంత పట్టుదల అవసరమా, మంట పుడితే మనుషుల కళ్ళకు కనబడదా అని అడిగేవారు ఉన్నారు. మంట కనబడుతుంది. దానికన్నా ముందు వచ్చి, మెట్ల దారి పట్టుకొని పైకి పోయే పొగ నిద్రపోయేవారికి కనబడదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికిందరాబాదులో విద్యుత్ వాహనాల షోరూములో పుట్టిన మంట పొగ పైనున్న లాడ్జిలోకి పోయి 8 మంది మరణించారు. 2023 మార్చి 16న అదే సికిందరాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సులో పొగకు చిక్కి ఆరుగురు యువతీయువకులు ప్రాణాలు విడిచారు. 2025 మే 18 తెల్లవారి హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే కుటుంబంలో 17 మంది పోయినారు, వారిలో పసిపిల్లలు ఉన్నారు. ఈ మూడు చోట్ల అలారం సంగతి నేను ఇక్కడ విచారించడం లేదు. మెలకువ రావడానికి దొరికే నిమిషాలు ఎంత తక్కువో చెప్పడానికే వీటిని తలచినాను. మన హాస్టలులో కూడా పిల్లలు నిద్రపోతారు.

దొంగ మోతల బాధ నిజమైనదే. పరీక్షల నడుమ హూటర్ మోగి విద్యార్థులు బయటకు పరుగెత్తితే ప్రధానాచార్యులకు కలిగే చిరాకును నేను అర్థం చేసుకోగలను. కాని దొంగ మోతకు కూడా కారణం ఉంటుంది. డిటెక్టర్‌లో దూరిన దుమ్ము, చీమలు, వంటగది ఆవిరి, ఒకే పైపులో లైట్ల కరెంటు తీగతోపాటు లాగిన అలారం తీగ వంటివి వెదికితే దొరికేవే. వెదకడం ఇష్టం లేక విభాగాన్నే ఆపి ఉంచడం, అపశబ్దాలు పలుకుతున్నాడని విద్యార్థి నోరు కుట్టివేయడం వంటిది. ఖర్చు మాటకు వస్తే, ఒక మంచి మల్టీమీటరు ధర వార్షికోత్సవంలో పూలదండలకయ్యే ఖర్చును మించదు. కావలసినది దానిని పట్టుకొని ఆలోచించగల మనిషి.

కొత్త పద్ధతి పానెళ్ళు వచ్చినవి గనుక ఈ బాధలన్నీ తీరినవని అమ్మేవారు చెబుతారు. వాటిలో ప్రతి డిటెక్టర్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. తీగ వలయంగా తిరిగి పానెల్‌కే చేరుతుంది గనుక ఒకచోట తెగినా రెండు వైపుల నుండి పని సాగుతుంది. మేలైన పద్ధతే. అయితే 37వ నంబరు డిటెక్టర్ జవాబు ఇవ్వడం లేదని తెరమీద వస్తే, ఆ 37 ఏ గదిలో ఉన్నదో చెప్పే పటం ఎక్కడ? కాంట్రాక్టరు తీసుకొనిపోయినాడు. 2019 ఏప్రిల్ 15 సాయంకాలం పారిస్‌లోని నోత్రదాం చర్చిలో అలారం సకాలంలోనే మోగింది. తెరమీది సందేశం అర్థంకాక కాపలాదారు మొదట వేరొక కట్టడం అటక చూచి వచ్చినాడు. అసలు చోటు తేలేసరికి సుమారు అర్ధగంట గడిచినది. అప్పటికి పైకప్పు దూలాలు అంటుకొన్నవి. యంత్రం మాట్లాడినది, మనిషికి అర్థం కాలేదు. భాషాధ్యాపకునిగా నన్ను కలచివేసిన సంఘటన అది. మన పానెల్ తెరమీద 'జోన్ 4' అని కాక 'గ్రంథాలయం, పై అంతస్తు' అని వచ్చేటట్లు చేయవచ్చును. అది కుదరని పాత పానెళ్ళకు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసిన పట్టిక ఒకటి పక్కన అంటించవచ్చును. రాత్రి కాపలా కాసేవారు ఇంగ్లీషు చదువుకొన్నవారు కారు.

ఈ యంత్రాల ఎంపిక, అమరిక, నిర్వహణలను గురించి భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 2189 ఉన్నది. 2016 నాటి జాతీయ భవన నియమావళిలో నాలుగవ భాగం అగ్నిభద్రతకే కేటాయించబడినది. నియమాలకు కొరత లేదు. మన పాలకవర్గం పెద్దలను నేను కోరేది అంతకన్నా చిన్నది. వార్షిక నిర్వహణ ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి: ప్రతి పసుపు దీపానికీ కారణం, దొరికిన చోటు, అక్కడ కొలిచిన అంకె పుస్తకంలో వ్రాసిన తరువాతనే బిల్లు చెల్లించబడును. నెలకొక పర్యాయం మీలో ఒకరు స్వయంగా నిలబడి, ఒక్కొక్క విభాగంలో పానెల్‌కు అత్యంత దూరంగా ఉన్న డిటెక్టర్‌ను ఊడదీయించండి. పానెల్ మీద పసుపు దీపం వెలగాలి. వెలగకపోతే ప్రాక్సీ పలుకుతున్నదని తెలుసుకోండి. మధ్యలోనుంచి లాగిన కొమ్మలను కూడా మరువరాదు. రెసిస్టర్ ప్రధాన తీగ చివర ఉంటే కొమ్మ తెగినా పానెల్‌కు తెలియదు. అది పుట్టుకతోనే హాజరుపట్టీలో పేరు లేని విద్యార్థి. మరొకటి, కరెంటు ఆపివేసి కేవలం బ్యాటరీల మీద హూటర్లను మోగించి చూడండి. ఊరక ఉన్నప్పుడు ముసలి బ్యాటరీ కూడా మంచి అంకెనే చూపుతుంది, బరువు మోయమంటేనే దాని వయసు తెలుస్తుంది.

భౌతికశాస్త్ర విద్యార్థులకు ఒక మాట. ఓమ్ నియమాన్ని మీరు పరీక్షలో వ్రాసి మరచిపోతున్నారు. రెండు మీటర్ల జంట తీగ, నాలుగు స్విచ్చులు, ఒక రెసిస్టర్, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో ఈ విభాగానికి నమూనా ఒకటి బల్లమీద కట్టవచ్చును. ఒకరు దాచిపెట్టి లోపం కల్పించాలి, మరొకరు మీటరుతో పట్టాలి. నిజమైన పానెల్ తలుపు మాత్రం తెరువకండి, లోపల 230 వోల్టులు ఉంటాయి. ఈ విద్య నేర్చినవారికి ఊళ్ళో ఆస్పత్రులు, కల్యాణ మండపాలు, బట్టల దుకాణాలు పని ఇస్తాయి. గల్ఫుకు పోయి నేర్చుకొని రావలసిన అవసరం ఉండదు.

వేసవి సెలవులలో మన భవనాలకు రంగులు వేయిస్తామని విన్నాను. గోడలు గీకేటప్పుడు దుమ్ము దూరకుండా డిటెక్టర్లకు ప్లాస్టిక్ టోపీలు తొడుగుతారు. అవి తొడిగి ఉన్నంతకాలం డిటెక్టర్‌కు పొగ అందదు, అయినా పానెల్ మీద ఆకుపచ్చ దీపమే వెలుగుతుంది. తీగ బాగున్నది గనుక పసుపు దీపానికి ఈ సంగతి తెలియదు. ఎన్ని టోపీలు తొడిగినారో లెక్క వ్రాసుకొని, కళాశాల తెరిచే రోజుకు ముందు అన్ని టోపీలనూ ఎంచి ఆఫీసులో అప్పగించుకోవాలి.